కొరంగి రేవునకు ఒక దినపు నడక

ఖతారు దేశములో ఒక్క నదియైనను లేదు. అచ్చటి జనులు త్రాగు నీరు మిక్కిలిభాగము సముద్రపు నీటినుండి ఉప్పు వేరుచేయగా వచ్చినదే. ఆ దేశపు రాజధానియగు దోహా నగరమున వెస్ట్ బే అనబడు పేట యొకటి కలదు. 1970వ సంవత్సరమునకు తరువాత సముద్రపు అడుగున నున్న మన్ను త్రవ్వి, దానినే పోసి, మెరక చేసిన నేల యది. 1982లో తెరువబడిన షెరటన్ హోటలు ఆ నేలమీద మొదట లేచిన పెద్ద కట్టడములలో నొకటి. నేడో, దాని వెనుక ఎత్తైన మేడలు కిక్కిరిసి యున్నవి. ఆ మేడలకు ఇనుపచువ్వలు కట్టినవారిలోను, కాంక్రీటు పోసినవారిలోను, నేడు వాటి గదులు తుడుచువారిలోను మన తెలుగువారు అనేకులు కలరు. సెలవుదినపు సాయంకాలమున వారు సముద్రపు గట్టుమీద కూర్చుండినప్పుడు ఒకరినొకరు అడుగు మొదటి ప్రశ్న, “మీది ఏ ఊరండి?” అనునదియే.

ఈ ప్రశ్నకు వారు తడవుకొనక ఉత్తరము చెప్పగలరు. తోటలలో పుట్టి పెరిగిన మన పిల్లలను ఇదే ప్రశ్న అడిగిన యెడల ఏమి చెప్పుదురు? తోట పేరు చెప్పుదురు. లయను సంఖ్య చెప్పుదురు. మిక్కిలి జ్ఞాపకముగలవారు, “మా పెద్దలు కొరంగినుండి వచ్చిరట” అని చెప్పుదురు. మారిషస్ దీవిలో తెలుగువారిని పూర్వము కొరంగీలనిరి. బర్మాలోను అట్లే పిలిచిరి. ఆ మాట మన జాతి పేరని కొందఱును, మనలను తక్కువచేయుటకై పెట్టిన పేరని మఱికొందఱును తలంచిరి. రెండును సరికావు. కొరంగి యనునది గోదావరి మొగయొద్ద నున్న ఒక ఊరు. అది నేటికిని ఉన్నది. ఒక్క దినమున నెమ్మదిగా నడచి, దానిని, దాని చుట్టుపట్ల నున్న పాతయూళ్లను చూచి రావచ్చును. చదువరులారా, ఈ నెల మనము ఆ త్రోవ నడతము.

గౌతమి గట్టు, యానాము

నాసికమునకు చేరువ త్ర్యంబకమున పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించును. ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్దపాయలుగా చీలును. వాటిలో తూర్పుపాయయగు గౌతమి యొడ్డున యానాము ఉన్నది. కోనసీమనుండి వచ్చువారు ఎదుర్లంకయొద్ద వంతెన యెక్కి నదిని దాటుదురు. లోకసభాధ్యక్షుడైయుండి 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున మృతినొందిన జి. ఎమ్. సి. బాలయోగిగారి పేరు ఆ వంతెనకు పెట్టబడినది. అంతకుమునుపు ఇచ్చట నదిని దాటుటకు పడవయే ఆధారము. చలికాలపు తెల్లవారుజామున వంతెన నడుమ నిలిచి చూచిన యెడల, నీరు ఎంత వెడల్పో, ఎంత మందగమనమో తెలియును. ఈ మందగమనమును జ్ఞాపకముంచుకొనుడు. మనము చూడబోవు రేవు చచ్చిపోవుటకు అదియే కారణము.

యానామున ఫ్రెంచివారు 1723లో వర్తకపుకొట్టు పెట్టిరి. లాభము లేక కొన్నియేండ్లకే విడిచి, 1731లో మరల వచ్చిరి. ఇంగ్లీషువారితో యుద్ధము వచ్చినప్పుడెల్ల ఊరు చేతులు మారుచుండెను. కడకు 1954లో ఫ్రెంచి పరిపాలన తొలగినది; 1962లో ఒడంబడిక అమలునకు వచ్చి, చట్టప్రకారము యానాము భారతదేశమున చేరినది. నేడది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. చుట్టును ఆంధ్రదేశము, నడుమ ముప్పది చదరపు కిలోమీటర్ల పరదేశపు ముక్క. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1929లో బ్రిటిషు ఇండియాలో పుట్టినప్పుడు, అది చెల్లని ఈ ఊరికి చుట్టుపట్ల జనులు పెండ్లిపల్లకీలతో తరలివచ్చిరట. ఒక్క పొలిమేర దాటినంతనే చట్టము మారును. ఈ సంగతి పెండ్లివారికి తెలిసినట్లే ఓడల యజమానులకును తెలిసియుండెను.

1789లో గవర్నరు జనరలగు కారన్‌వాలిసు బానిసలను ఓడలలో ఎగుమతి చేయరాదని ప్రకటన చేసెను. అయినను ఆ తరువాతి సంవత్సరములలోనే, అనగా 1790 మొదలు 1792 వఱకు, ఉత్తర సర్కారులలో గొప్ప కరవు వచ్చెను. ఆకలికి తాళలేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొనిన దీనులను ఫ్రెంచి వర్తకులు ఈ తీరమునుండి మారిషస్ దీవికి కొనిపోయిరి. కూలి ఒడంబడికలకు ముందు నడచిన కథ యిది.

ఒడంబడికల కథకును యానామే మొదటి పుట. హిందూదేశపు కూలీలు మారిషస్ దీవికి పోయిన ప్రారంభమును చెప్పునప్పుడు, 1834 నవంబరు 2వ తేదిన కలకత్తానుండి అట్లాస్ అను ఓడ 36 మందిని దింపిన సంగతి చెప్పుదురు. అది సత్యమే. కాని దానికి ఆరేండ్లు ముందు, 1828లో, పదునైదుగురు తెలుగు కూలీలు యానామున ఒడంబడిక వ్రాసి ఫ్రెంచివారి రియూనియను దీవికి పోయిరి. ఆ దీవికి నాడు బూర్బోను అని పేరు. రెండు మూడేండ్లలో అచ్చటికి చేరిన మనవారు సుమారు మూడు వేలమంది. జీతములు సరిగా ముట్టలేదు, చెప్పిన తిండికిని పెట్టిన తిండికిని పొత్తు లేదు, దెబ్బలు మిగిలినవి. మొరలు పెట్టుకొనగా అనేకులు తిరిగి పంపివేయబడిరి. ఆ ప్రయత్నము అంతటితో చెడినది. అయితే కాగితముమీద వ్రేలిముద్రయో గీతయో వేయించుకొని, ముందుగా కొంత సొమ్ము చేతబెట్టి, మనుష్యుని ఓడ యెక్కించు పద్ధతి మాత్రము చెడిపోక లోకమంతట వ్యాపించెను.

నీలపల్లి, ఇంజరము

యానాము పొలిమేర దాటగానే నీలపల్లి వచ్చును. దానికి చేరువనే ఇంజరము. నేడు చూచువారికి ఇవి కొబ్బరిచెట్ల నీడన, వరిచేల నడుమ నున్న సామాన్యమైన పల్లెలు. కాని 1708లో ఇంగ్లీషు కంపెనీవారు ఇంజరమున వర్తకశాల స్థాపించిరి. ఇచ్చటి సన్నని తెల్లబట్ట సీమలో ప్రసిద్ధికెక్కెను. 1757లో ఫ్రెంచి సేనానియగు బుస్సీ దానిని పట్టుకొనెను. మరుసటి సంవత్సరము డిసెంబరు నెలలో గొల్లప్రోలునకు చేరువనున్న చందుర్తియొద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించగా, 1759నాటికి ఈ తీరమంతయు ఇంగ్లీషువారి వశమాయెను. ఒకే యేటి గట్టున, ఒక పూటలో నడువదగినంత దూరములో, రెండు దొరతనముల వర్తకశాలలు ఒకదానినొకటి కాచుకొని యుండెనని తలంచిన ఆశ్చర్యము కలుగును.

రాజులు, సేనాధిపతులు చేసిన యుద్ధములకంటె మనకు ముఖ్యమైన సంగతి యొకటి ఇచ్చట కలదు. కంపెనీవారు బట్టను బజారులో కొనలేదు. గుమాస్తాల ద్వారా నేతగానికి ముందుగా బయానా ఇచ్చిరి. బయానా పుచ్చుకొనిన నేతగాడు మఱియొకరికి బట్ట అమ్మరాదు. చెప్పిన గడువునకు, చెప్పిన సన్నదనముతో, వారు కట్టిన వెలకే ఇయ్యవలెను. బట్ట తక్కువరకమని గుమాస్తా తీర్పుచెప్పిన యెడల వెల తగ్గును, బాకీ నిలుచును, మరుసటి బయానాతో ఆ బాకీ పెరుగును. నేతగాండ్రు మొరపెట్టుకొనని కాలము లేదు. బయానా తీర్చి విడుదల పొందుటకు వారు మగ్గమును విడుచుటకంటె వేఱు త్రోవ లేకపోయెను.

పిదప ఆ త్రోవయు వారు కోరకయే వచ్చెను. సీమలో యంత్రములు పుట్టినవి. 1813లో కంపెనీవారి వర్తకపు గుత్త హిందూదేశము మట్టుకు రద్దయినది. మరయంత్రపు బట్ట ఓడలతో దిగినది. 1830 ప్రాంతమునకు కంపెనీవారు బట్టల వర్తకమునే మానుకొనిరి. ఇంజరపు వర్తకశాల మూతపడినది. బయానా పోయినది, పని కూడ పోయినది. మన పెద్దలలో “మాది మగ్గపు ఇల్లు” అని చెప్పుకొనినవారు ఎందఱో చెఱకుతోటలలో గొడ్డలి ఎందుకు పట్టిరో గ్రహించుటకు ఈ పల్లెలో కొంతసేపు నిలువవలెను.

కాలువగట్టున

ఇంజరము దాటి తాళ్లరేవు వైపునకు నడచునప్పుడు కాలువలు తగులును. ఇంజరపు కాలువ, కొరంగి కాలువ అని వాటికి ఈ ఊళ్ల పేర్లే కలవు. గట్టున చెట్టునీడ దొరకును; చద్దిమూట విప్పుకొనుటకు తగిన చోటు. భోజనము చేయుచు ఈ నీటి సంగతి కొంచెము తలంతము.

1852కు పూర్వము ఈ నీరు లేదు. నది ప్రక్కనే ప్రవహించి సముద్రములో కలియుచుండగా, దాని గట్టుననే జనులు ఆకలితో మడిసిరి. నందన సంవత్సరపు కరవు, అనగా 1832-33 నాటి కరవు, తెలుగుదేశమున మరపురానిది. గుంటూరు మండలమున సుమారు ఐదు లక్షల జనములో రెండు లక్షలు నశించిరని వ్రాసియున్నారు. రాజమహేంద్రవరపు మండలములో జనసంఖ్య 1821లో 7,38,308, 1831లో 6,95,016, 1841లో 5,61,041. ఈ మూడు సంఖ్యలను మెల్లగా చదువుడు. ఇరువది యేండ్లలో నలుగురిలో ఒకరు తగ్గిరి. చచ్చినవారు కొందఱు, పొరుగుమండలములకు వలసపోయినవారు కొందఱు, ఓడ యెక్కినవారు కొందఱు.

సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఈ దుర్దశనుగూర్చి ప్రభుత్వమువారికి నివేదిక వ్రాసెను. ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట కట్టుటకు ఏర్పాటు చేసెను. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. తరువాత నేల పచ్చబడినది. రైతులు కాటన్ దొరను నేటికిని పూజ్యముగా తలంచుట మనకు తెలిసినదే. అయినను ఒక మాట మరువరాదు. నీరు నేలకు వచ్చినది. నేల లేనివానికి అది కూలిగానే వచ్చినది. నాట్ల కాలమునను కోతల కాలమునను పని, మిగిలిన నెలలు చేతులు ముడుచుకొని కూర్చుండుట. అందుచేతనే ఆనకట్ట కట్టిన తరువాతకూడ వలస ఆగలేదు. ముఖము మాత్రము మారిషస్ వైపునుండి బర్మావైపునకు తిరిగినది.

తాళ్లరేవు

రేవు అను మాట ఊరిపేరులోనే ఉన్నది. తాళ్లరేవు చుట్టుపట్ల ఊళ్లలో కొయ్యపడవలు కట్టు వడ్రంగులు తరతరములుగా ఉన్నారు. పెద్ద యంత్రశాల లేదు, పటము లేదు. ఏటిగట్టున దూలములు నిలిపి, కంటికొలతతో పలకలు వంచి, సందులలో దూది కూరి పడవ సిద్ధము చేయుదురు. పూర్వము ఈ ప్రాంతపు తెరచాప ఓడలు బియ్యము, ఉప్పు, బట్టలు ఎక్కించుకొని రంగూనునకును మౌల్మేనునకును పోయి, టేకుదూలములతో తిరిగివచ్చినవి. ఓడ నడపు కళాసులు ఈ ఊళ్లవారే. కాబట్టి సముద్రము మనవారికి క్రొత్తది కాదు. నల్లనీళ్లు దాటుట పాపమని భయపడినవారు కొందఱుండవచ్చును; కాని ఈ రేవులలో సముద్రము అన్నముపెట్టు చోటు.

మధ్యాహ్నము తిరిగినపిమ్మట త్రోవకు కుడిప్రక్క నేల మారును. వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు కనబడును. వాటి కావల మడచెట్లు. గాలిలో ఉప్పువాసన తగులును. ఇంక కొరంగి చేరితిమి.

కొరంగి

కొరంగి యేఱు యానామునొద్ద గౌతమినుండి చీలి ఇచ్చటికి వచ్చును. గోదావరి సప్తశాఖలలో ఆత్రేయ యను పేరు దీనికి చెల్లును. సప్తసాగరయాత్ర చేయువారు ఇచ్చట స్నానము చేయుదురు. ఏటిమొగ సముద్రపు పోటునకు చాటుగా నుండుటచేత ఓడలు లంగరు వేయుటకును, మరమ్మతు చేయుటకును ఇంతటి వసతి ఈ తీరమున అరుదు. 1802లో ఎబెనీజరు రోబక్కు అను ఇంగ్లీషువాడు విస్తారము సొమ్ము ఖర్చుచేసి ఓడలను బాగుచేయు డాకు ఇచ్చట కట్టించెను. యుద్ధపు ఓడలుకూడ అందులోనికి వచ్చినవి. చెన్నపట్టణమునకును కలకత్తాకును నడుమ ఇట్టి చోటు మఱియొకటి లేదని నాటివారు చెప్పిరి.

ఇంత గొప్ప రేవు ఏమైనది? రెండు శత్రువులు దానిని కొట్టినవి: ఒకటి తుపాను, రెండవది ఒండ్రు.

1789 డిసెంబరులో వచ్చిన తుపానున మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక నొకటి లేచినవి. మొదటిది రేవులోని ఓడలను నేలకు కొట్టినది; తరువాతివి ఊరిని, చుట్టుపట్ల పొలములను ముంచినవి. సుమారు ఇరువది వేలమంది నశించిరని చెప్పుదురు. హెన్రీ పిడ్డింగ్టను అను కలకత్తా పండితుడు ఈ తుపానునుగూర్చి వ్రాసెను. సుడివలె తిరుగు ఈ గాలివానలకు సైక్లోను అను పేరు పెట్టినవాడును అతడే. 1848లో అచ్చయిన అతని గ్రంథముద్వారా ఆ మాట లోకమంతట వ్యాపించినది. నేడు ఏ దేశపు నావికుడు ఆ మాట పలికినను, దాని వెనుక నున్న దుఃఖములలో కొరంగి దుఃఖము ఒకటి.

1839 నవంబరులో మరల గొప్ప తుపాను వచ్చినది. అందులో మూడు లక్షలమంది మరణించిరనియు, ఇరువది వేల పడవలు నాశమైనవనియు అనేక పుస్తకములలో అచ్చుపడినది. మన పిల్లలు దీనిని అట్లే కంఠస్థము చేయకుందురు గాక. 1841లో మండలమంతటి జనసంఖ్య 5,61,041 అని పైన చూచితిమి. ఒక్క రాత్రి మూడు లక్షలు పోయిన యెడల ఆ లెక్క యెట్లు పొసగును? ఊరు నాశమైనది నిజము. దాని దుఃఖమును పెద్దది చేయుటకు లెక్కలను పెంచనక్కరలేదు. చరిత్రను చదువునప్పుడు ఒక సంఖ్యను మఱియొక సంఖ్యప్రక్కన నిలిపి చూచుట మేలు.

తుపాను ఒక్కదినపు శత్రువు. ఒండ్రు దినదినపు శత్రువు. వంతెనమీదనుండి చూచిన మందగమనము గలిగిన ఆ నీరే మన్ను తెచ్చి మొగయొద్ద దించినది. ఏఱు పూడినది. పెద్ద ఓడలు దూరముగా నిలువవలసి వచ్చినవి. తరువాత అసలే రాలేదు. ఉత్తరముననున్న కాకినాడ పెరిగినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రాగా సీమకు ప్రత్తి కొఱత కలిగి, కాకినాడ రేవు ప్రత్తియెగుమతితో బలపడినది. ఏటిమొగ ముందర ఇసుకతిన్నెగా మొదలైన హోప్ దీవి క్రమముగా పొడవై, నేడు కాకినాడ రేవునకు అలల దెబ్బ తగులకుండ అడ్డుగా నున్నది. కొరంగిని చంపిన ఒండ్రే కాకినాడను కాపాడుచున్నదన్నమాట.

రేవు పూడినచోట మడ అడవి పెరిగినది. 1978లో ప్రభుత్వమువారు సుమారు 235 చదరపు కిలోమీటర్లను కొరంగి అభయారణ్యముగా ఏర్పరచిరి. ఇప్పుడు అడవిలోనికి కొయ్యపలకల నడవ కట్టియున్నారు. దానిమీద నడచినప్పుడు ఇరుప్రక్కల బురదలోనుండి మేకులవలె పైకి లేచిన వేళ్లు కనబడును. మడచెట్లు వాటితోనే గాలి పీల్చుకొనును. పాటు వచ్చినప్పుడు పీతలు పరుగెత్తుట, కొంగలు నిలిచియుండుట తప్ప మఱి చప్పుడు లేదు. ఈ అడవిలో చేపలు పట్టు బావురుపిల్లులు కలవు. ఒడ్డున సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. గాలివాన వచ్చినప్పుడు అల బలమును తగ్గించు గోడయు ఈ అడవియే. 1789లో లేచిన అలలను తలంచుకొని దీనిని చూచిన యెడల, ఒక్క చెట్టునైనను నరుక బుద్ధిపుట్టదు.

పేరు దాటిన సముద్రములు

1834లో ఇంగ్లీషు రాజ్యమున బానిసత్వము తీసివేసిన చట్టము అమలునకు వచ్చినది. మారిషస్ దీవిలో 1835 ఫిబ్రవరిలో అమలయినది. చెఱకుతోటల దొరలకు చేతులు కావలసినవి. నందన కరవునుండి అప్పుడే లేచిన ఈ దేశమున చేతులు ఖాళీగా నున్నవి. కొరంగి ప్రాంతపు మేస్త్రీలు బయానా ఇచ్చి మనుష్యులను ప్రోగుచేసిరి. నేతగాని బయానాయే మఱియొక రూపమున తిరిగివచ్చినది. ఓడలలో జరిగిన అన్యాయములు బయటపడగా 1839లో ప్రభుత్వమువారు ఈ వలసను నిషేధించిరి. 1842లో అధికారుల తనిఖీతో మారిషస్‌కు మరల అనుమతించిరి. మారిషస్ తెలుగువారు తమ పెద్దలు వచ్చిన ఓడలలో ఒకదానిని కొరంగా ప్యాకెట్ అను పేరుతో నేటికిని జ్ఞాపకము చేసికొందురు. ఓడ పేరును రేవు పేరే, దిగినవారి పేరును రేవు పేరే అయినవి. ఏ పల్లెవాడైనను, ఏ కులమువాడైనను, పోర్టు లూయిసున దిగగానే కొరంగీ అనబడెను.

ఆ దీవిలో ఒడంబడిక కూలీలుగా దిగినవారు అందఱును కలిసి దాదాపు నాలుగున్నర లక్షలు. 1849లో కట్టుట మొదలుపెట్టిన దింపుడుశాలయొద్ద పదునారు మెట్లు ఎక్కి వారు ఆ నేలమీదికి వచ్చిరి. ఆప్రవాసీ ఘాట్ అను పేరుతో ఆ మెట్లు నేడు భద్రముగా నున్నవి. 2006లో యునెస్కోవారు వాటిని ప్రపంచ వారసత్వస్థలములలో చేర్చిరి. దిగిన మెట్లు నిలిచినవి; ఎక్కిన రేవు మడలో కలిసినది.

మెట్లకంటె విలువైనది మఱియొకటి ఆ దీవిలో కలదు. దిగిన ప్రతివానికి ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు వ్రాసికొనిరి. 1860 తరువాత ఛాయాపటములుకూడ తీసిరి. మోకా అను చోటనున్న మహాత్మాగాంధీ సంస్థలో ఆ పుస్తకములున్నవి. తోటల యజమానుల అవసరముకొఱకు వ్రాసిన ఆ లెక్కలే నేడు మనుమలకు తాతల ఊరు చూపుచున్నవి. నతాషా అప్పానా అను మారిషస్ రచయిత్రి, ఆంధ్రదేశమునుండి పోయిన తన పెద్దల కథను 2023లో ఫ్రెంచిభాషలో పుస్తకముగా ప్రకటించెను. అప్పన్న అను మన ఇంటిపిలుపు గుమాస్తా కలము క్రింద అప్పానాగా మారి వంశనామమై నిలిచినది.

బర్మా సంగతి వేఱు. అచ్చటికి పోయినవారికి ఇంతటి లెక్కలు లేవు. కాకినాడనుండి పొగయోడ మేడమీద చాపవేసికొని కూర్చుండి, కొన్ని దినములలో రంగూను చేరిరి. ధాన్యపు మరలలో, రేవులో, రిక్షాలు లాగుటలో మనవారే. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగువారు సుమారు 1,60,000. దానికి ముందటి సంవత్సరము, 1930 మే నెలలో, రంగూను రేవులో మనవారు కూలి పెంచుమని సమ్మె చేయగా, వారి స్థానమున బర్మావారిని పెట్టుకొని, సమ్మె ముగియగానే వారిని తీసివేసిరి. కోపము యజమానులమీదికి పోక కూలీలమీదికి పోయినది. వీధులలో అనేకులు హతులైరి. 1942లో జపానువారు రాగా లక్షలకొలది హిందూదేశస్థులు కాలినడకను అరకాను, మణిపురపు కొండలు దాటి వచ్చిరి. త్రోవలో పడిపోయినవారి పేర్లు వ్రాసినవారు లేరు. కాగితముండుట తోటలో సంకెల అయినది. కాగితము లేకుండుట కొండలలో మరపు అయినది. రెండును మనవారే అనుభవించిరి.

తిరుగుదారి

ప్రొద్దు వాలినది. కొరంగినుండి కాకినాడకు బస్సులు దొరకును. త్రోవలో చొల్లంగి తగులును. పుష్యమాసపు అమావాస్యనాడు అచ్చట స్నానమునకు వేలకొలది జనులు చేరుదురు. బస్సులో ప్రక్కన కూర్చుండిన పడుచువానిని ఎక్కడికని అడిగిన యెడల, వీసా కాగితములకొఱకని చెప్పుట అరుదు కాదు. ఈ మండలమునుండి నేడు ఓడలు కావు, విమానములు మనుష్యులను కొనిపోవుచున్నవి. పోవుచోటు దోహా, కువైటు, దుబాయి.

మొదట చెప్పిన వెస్ట్ బేకు పోవు ఆ పడుచువానికి, 1828లో యానామున గీత పెట్టిన పదునైదుగురికి లేని ఆధారములు కొన్ని కలవు. చదువు తక్కువగలవారు ఖతారు మొదలగు దేశములకు పోవునప్పుడు మన ప్రభుత్వపు అధికారి ఒడంబడికను చూచి అనుమతి ఇయ్యవలెనని 1983 నాటి వలస చట్టము ఏర్పరచినది. ఖతారులో 2020 నాటి చట్టప్రకారము యజమాని అనుమతి లేకయే పని మారవచ్చును. 2021 మార్చి 20వ తేదినుండి నెలకు కనీసవేతనము 1,000 రియాళ్లు; యజమాని వసతి ఇయ్యనిచో 500, భోజనము పెట్టనిచో 300 రియాళ్లు అదనముగా ఇయ్యవలెను. పాసుపోర్టును యజమాని తన యొద్ద దాచుకొనుట అచ్చటి చట్టమునకు విరుద్ధము. ఈ మాటలు మన ఇండ్లలోనుండి పోవువారందఱికిని తెలియవలెను. చట్టము ఉండుట ఒకటి, అది తెలిసియుండుట మఱియొకటి. నేతగానికి బయానా షరతులు చదువరాలేదు. కూలివానికి ఒడంబడిక చదువరాలేదు. పోవుటకు ముందు అప్పుచేసి దళారికి సొమ్ము కట్టినవాడు, చేరకముందే సగము కట్టువడినవాడు. ఇంజరమునుండి వెస్ట్ బే వఱకు ఈ ఒక్క సంగతి మారలేదు.

ఇక మన ఇండ్లలో చేయవలసిన పని చిన్నది. ముసలివారు జీవించియుండగానే వారి యొద్ద కూర్చుండి అయిదు సంగతులు అడిగి వ్రాసికొనుడు: పెద్దల ఊరు, తాలూకా, ఎక్కిన రేవు, వచ్చిన సంవత్సరము, మొదట చేరిన తోట. సంవత్సరము తెలియనిచో, ఏ కరవు తరువాతనో ఏ తుపాను తరువాతనో అడుగుడు, వారు చెప్పుదురు. ఊరు కొరంగి యని చెప్పిన యెడల అంతటితో ఆగక, కొరంగికి ఏ పల్లెనుండి నడచి వచ్చిరో మఱియొకమారు అడుగుడు. కొరంగి రేవు మాత్రమే. దానికి వెనుక ఇల్లు వేఱొకటి ఉండును. ఆ మాటలను ఇంటిలో అందఱును దాచుకొను పుస్తకపు మొదటి పుటలో సిరాతో వ్రాయుడు. దూరదేశమునకు పోవు బిడ్డకు ఒడంబడిక ప్రతితోకూడ ఆ పుటకును ఒక ప్రతి వ్రాసి ఇండు. ఏ సముద్రపు గట్టుమీదనైనను “మీది ఏ ఊరండి?” అని అడిగిన దినమున అతడు తడవుకొనడు.